నలభై ఒక్క చేతికర్రల పంపకం

రంగారెడ్డి జిల్లా, సరూర్‌నగర్ మండలం, కొత్తపేటలో కాపురముంటున్న, కీర్తిశేషులు గంజి నర్సయ్య గారి పెద్ద కుమారుడు, వయస్సు డెబ్బై నాలుగు సంవత్సరాలు, వృత్తి పూర్వం దిల్‌సుఖ్‌నగర్‌లో చేనేత చీరల వ్యాపారం, ప్రస్తుతం ఇంట్లో వాళ్ల కాళ్లకు అడ్డం పడడం, గంజి కోదండం అనే నేను ఎవరి ఒత్తిడీ, ఎవరి బోధనా లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను.

నా బుద్ధి స్థిరంగా ఉందని మొదట్లోనే చెప్పాలట. మా వీధిలో ఉండే రిటైర్డ్ డాక్యుమెంట్ రైటర్ భానుమూర్తి గారు అలా చెప్పారు. ఈ కాగితం ఆయన చేతి రాతే. నలభై ఒక్క చేతికర్రలు పోగుచేసి, వాటిలో ఒక్కదాన్నీ ఊతగా పట్టుకొని పది అడుగులు వేయని మనిషి బుద్ధి గురించి నా భార్య ప్రసన్నలక్ష్మికి వేరే అభిప్రాయం ఉంది. అయితే ఈ రోజు మంగళవారమని నాకు తెలుసు. నా పిల్లలెవరో తెలుసు. నేనెంత తెలివితక్కువ పనులు చేశానో వరుసగా జ్ఞాపకమున్నది. చట్టానికి ఇంతకంటే స్థిరమైన బుద్ధి అవసరం లేదని భానుమూర్తి గారి అభిప్రాయం.

1. ఇంతకుముందు 2009లో నేను రాసిన వీలునామాను దీని ద్వారా రద్దు చేస్తున్నాను. అందులో నా చేతికర్రలన్నీ ఒక మ్యూజియానికి చెందాలని, వాటి పక్కన నా ఫొటో పెట్టాలని రాశాను. ఆ మ్యూజియం వారు నన్ను అడగలేదు. నేనే ఉత్తరం రాస్తే, తమ వద్ద ఇప్పటికే తగినన్ని కర్రలు ఉన్నాయని మర్యాదగా జవాబిచ్చారు. ఆ జవాబు వచ్చిన తర్వాత కూడా ఆ వీలునామా మార్చలేదు. వాళ్లే మనసు మార్చుకుంటారని పదహారేళ్లు ఎదురుచూశాను.

2. కొత్తపేటలోని రెండంతస్తుల ఇల్లు నా తదనంతరం నా భార్య ప్రసన్నలక్ష్మి జీవితకాలమంతా అనుభవించవలసినది. దిల్‌సుఖ్‌నగర్‌లోని దుకాణం తాలూకు కిరాయి కూడా ఆమెదే. ఆమె తర్వాత రెండూ మా కుమారుడు నరేష్‌కుమార్‌కు, కుమార్తె వాసంతికి చెరి సగం. ఈ విషయంలో నేను చమత్కారంగా రాయదలచినదేమీ లేదు.

3. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత వాసంతికి అప్పగిస్తున్నాను. ఆమె వనస్థలిపురంలో లెక్కల టీచరు. నరేష్ మంచివాడే కాని ఎవరేమడిగినా కాదనలేడు. వాసంతి కాదనగలదు. చిన్నప్పటి నుంచీ నన్నే కాదంటూ అభ్యాసం చేసింది.

4. ఇక చేతికర్రలు. వీటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పనిదే పంపకం అర్థం కాదు. వీలునామాలో కథలు రాయరండీ అని భానుమూర్తి గారు రెండుసార్లు కలం కింద పెట్టారు. ఆయనకు టీ తెప్పించి కొనసాగిస్తున్నాను.

నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. దుకాణంలో పొద్దంతా పరుపు మీద మోకాళ్లపై కూర్చొని, కుర్చీల్లో కూర్చున్నవాళ్ల ముందు చీరలు విప్పి పరిచేవాణ్ని. లోకాన్ని ముప్పై ఏళ్లు కింది నుంచి పైకే చూశాను. 1988లో ఒక గురువారం, దుకాణానికి పాత బీరువా కోసం జుమ్మెరాత్ బజార్‌కు వెళ్లాను. అక్కడ పాత ఇనుప సామాను మధ్య ఇత్తడి గుర్రం తలకాయ పిడిగా ఉన్న కర్ర కనబడింది. ఊరికే చేతిలోకి తీసుకొని నిలబడ్డాను. అటుగా పోతున్న ముసలాయన ఎవరో నన్ను చూసి సలాం చేశాడు. బహుశా నా వెనుక ఉన్నవాళ్లకు చేసి ఉంటాడు. నేను మాత్రం నాకే అనుకున్నాను. బీరువా మరిచిపోయి కర్రతో ఇంటికి వచ్చాను. ఆ ఒక్క సలాం కోసం తర్వాత ముప్పై అయిదేళ్లు గురువారాలన్నీ అక్కడే గడిపాను. రెండో సలాం ఎవరూ చేయలేదు.

కర్రలు పెరిగాయి. వెండి పిడివి, కొమ్ము పిడివి, పాము చుట్టుకున్నట్టు చెక్కినవి, బెత్తంవి. హాల్లో అద్దాల బీరువా చేయించి, లోపల లైటు పెట్టించి, ఒక్కోదానికి చీటీ కట్టాను. వచ్చినవాళ్లకు చాయ్ కంటే ముందు కర్రలు చూపించేవాణ్ని. కొందరు చాయ్ కోసం ఆగకుండానే వెళ్లిపోయేవాళ్లు. నా భార్య ఆ బీరువాను కట్టెల మోపు అనేది. కాళ్లు మంచిగున్నోనికి గిన్ని కట్టెలెందుకని ఒక్కసారి అడిగింది. ఇవి కళాఖండాలని చెప్పాను. మళ్లీ అడగలేదు.

5. పై చెప్పిన ఇత్తడి గుర్రం కర్ర నా కుమారుడు నరేష్‌కుమార్‌కు. అది కొన్న ఏడాది వాడికి ఆరేళ్లు. దాన్ని రెండు కాళ్ల మధ్య పెట్టుకొని వాకిట్లో గుర్రం ఆట ఆడాడని చెంప మీద కొట్టాను. ఇప్పుడు ఎల్బీనగర్‌లో బ్యాంకు మేనేజరు. ఈ గుర్రంతో వాడు ఎంతసేపైనా ఆడుకోవచ్చును. అభ్యంతర పెట్టే హక్కు ఎవరికీ లేదు.

6. కింది భాగంలో వంకర తిరిగి, రెండు చోట్ల జిగురుతో అతికించిన బెత్తం కర్ర నా తమ్ముడు హరిప్రసాద్‌కు. 1997లో అది తన బావమరిది పెండ్లి ఊరేగింపులో పట్టుకోవడానికని అడిగి తీసుకుపోయి, పెండ్లి తర్వాత దానితో మామిడికాయలు దులిపాడు. విరిగిన కర్రతో పాటు నాలుగు కాయలు పంపాడు. కాయలు పుల్లగా ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ సంగతి ప్రతి పండుగకూ ఎత్తుతున్నాను. దీనితో ఆ తగాదా ముగిసినట్టు భావించవలెను. ఇకమీదట అది వాడి కర్రే, విరగ్గొట్టిందీ వాడే కనుక ఎవరికీ చెప్పుకోలేడు.

7. లోపల కత్తి ఉన్న గుప్తి కర్ర మైసయ్యకు. ఈయన అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి వడ్రంగి. ఆ గుప్తి ఒక జాగీర్దారు గారిదని, దాని కత్తికి రెండు ప్రాణాలు బలయ్యాయని అమ్మినవాడు చెప్పాడు. నేను చెప్పేటప్పటికి అవి అయిదు ప్రాణాలయ్యాయి. ఈ కథ పంతొమ్మిదేళ్లు చెప్పాను. తర్వాత బీరువా తలుపు బిగించడానికి వచ్చిన మైసయ్య గుప్తిని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాపుకొన్నాడు. “సార్, గిది మేం చేసిందే. సినిమా షూటింగుకు ఇరవై చేసినం. లోపల కత్తి రేకుది,” అన్నాడు. తన చేత్తో వేసిన గుర్తు కూడా పిడి కింద చూపించాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మైసయ్య అలా చెప్పిన తర్వాత కూడా రెండేళ్లు జాగీర్దారు కథ చెప్పాను. ప్రాణాలు మాత్రం మూడుకు తగ్గించాను.

8. నలభై రెండో చేతికర్ర ఎక్కడుందో నాకు తెలియదు. 2023 మార్చిలో ఒక గురువారం దాన్ని కొన్నాను. నల్లటి కర్ర, పిడి మీద ఏనుగు. నరేష్‌కు చూపించాలని తిన్నగా మెట్రో ఎక్కి ఎల్బీనగర్ దాకా వెళ్లాను. కింది కొసన ఉన్న ఇత్తడి పొన్ను నేలకు తగిలి అరుగుతుందేమోనని దాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి చంకలో పెట్టుకొని మెట్లు దిగుతున్నాను. అది జారి నా రెండు కాళ్ల మధ్యకు వచ్చింది. తొమ్మిది మెట్లు దొర్లాను. నలుగురు పరుగెత్తుకొచ్చారు. వారిలో ఒక అమ్మాయి నన్ను లేపుతూ, “చేతుల కట్టె పెట్టుకొని గట్లెట్ల పడ్డవు తాతా?” అని అడిగింది. తుంటి ఎముక విరిగి ఉన్న నేను, అది నడవడానికి కాదమ్మా అని జవాబు చెప్పాను.

అంబులెన్సు వచ్చే హడావుడిలో ఆ కర్ర అక్కడే ఉండిపోయింది. ఎవరు తీసుకొని పోయి ఉంటే, వారికి దానిని పూర్తి హక్కులతో ఈ వీలునామా ద్వారా దఖలుపరుస్తున్నాను. మెట్ల మీద జాగ్రత్త.

9. వెండి చిలుక పిడి ఉన్న రోజ్‌వుడ్ కర్ర నా భార్య ప్రసన్నలక్ష్మికి. ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

నా దగ్గరున్న వాటన్నిటిలో నిజమైన పాత వస్తువు అదొక్కటే. పాతబస్తీలో ఒక పెద్ద ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆ ఇంటివాళ్ల చేతి నుంచి తీసుకున్నాను. చిలుక కళ్లకు ఎర్ర రాళ్లు ఉంటాయి. దాన్ని బీరువా మధ్యలో నిలబెట్టాను.

ప్రసన్నలక్ష్మిది పోచంపల్లి పక్క ఊరు. పెండ్లయి వచ్చినప్పుడు ఇంటి వెనుక గదిలో గుంట తవ్వించి మగ్గం వేసుకుంది. ఇరవై ఏడేళ్లు ఆ గుంటలో కాళ్లు పెట్టుకొని మగ్గం తొక్కింది. దుకాణం నిలబడ్డది ఆ చీరల మీద. నా కర్రలు వచ్చింది ఆ దుకాణం నుంచి. అంటే ఆమె కాళ్లు అరుగుతుంటే నా దగ్గర కర్రలు పెరిగాయి. ఈ సంగతి తెలియడానికి పెద్ద చదువు అక్కరలేదు. అయినా నాకు తెలియలేదు.

2018లో ఆమె మోకాళ్లు మొరాయించాయి. డాక్టరు చేతికర్ర వాడమన్నాడు. ఇంటికి రాగానే ఆమె బీరువా ముందు నిలబడి చాలాసేపు చూసి, “గీ చిలుక కట్టె పట్టుకొని పోత రైతుబజార్‌కు,” అన్నది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె నన్ను తనకోసం అడిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అది నడిచే కట్టె కాదని, పొన్ను అరిగిపోతుందని, రోజ్‌వుడ్‌కు తడి తగలరాదని పావుగంట ఉపన్యాసమిచ్చాను. చైతన్యపురిలో మందుల దుకాణం నుంచి అల్యూమినియం కర్ర తెచ్చిచ్చాను. బటన్ నొక్కి ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, శాస్త్రీయంగా ఇదే మేలు అన్నాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకొని, మంచిది అన్నది. అంతే. అయిదేళ్లు దానితోనే నడిచింది. రోజూ చిలుక ముందు నుంచే టకటకమంటూ వెళ్లేది.

మెట్రో మెట్ల మీద పడ్డ తర్వాత నాకు ఆపరేషన్ చేశారు. నెలన్నర మంచం, ఆపైన వాకర్. ఒకరోజు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, ఇక చేతికర్రతో నడవవచ్చు అంకుల్, కర్ర కొనుక్కోండి అన్నది. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. నరేష్‌ను పిలిచి ఫోన్‌లో వీడియో తీయమన్నాను. బీరువా తెరిపించి, వెండి కట్టు ఉన్న నల్ల కర్ర తీసుకొని రెండడుగులు వేశాను. మధ్యలో అతుకు దగ్గర పుటుక్కున విరిగింది. నరేష్ పట్టుకున్నాడు. రెండోదాని తల ఊడి నా చేతిలోకి వచ్చింది. మూడోది ఆరడుగుల మనిషి కోసం చేసినది. దాని పిడి నా చెవి దాకా వచ్చింది. వీడియో ఇప్పటికీ నరేష్ దగ్గర ఉంది. చూడదలచిన వారసులు చూడవచ్చు.

అప్పుడు ప్రసన్నలక్ష్మి వంటింట్లోంచి వచ్చింది. తన అల్యూమినియం కర్ర బటన్ నొక్కి పైకి లాగి నా చేతిలో పెట్టింది. “పట్టుకోండి. ఒక రంధ్రం పెంచిన,” అన్నది.

ఆ రోజు హాలు నుంచి గేటు దాకా నాలుగుసార్లు నడిచాను. అందరికీ ఫోన్ చేసి చెప్పాను. మరుసటి రోజు వీధి చివర దాకా పోయాను. వారం రోజులు ఇలా తిరిగాను. కర్ర నా దగ్గర ఉంటే ఆమె ఎట్లా నడుస్తున్నదనే ప్రశ్న ఆ వారంలో నాకు ఒక్కసారి కూడా రాలేదు. దీనికి సాక్షులు అవసరం లేదు. నేనే ఒప్పుకుంటున్నాను.

తొమ్మిదో రోజు ఉదయం హాల్లో కూర్చొని ఉండగా గోడ మీద మరకలు కనబడ్డాయి. వంటింటి గుమ్మం నుంచి దేవుని గది దాకా, నడుము ఎత్తున, వరుసగా అరచేతి ముద్రలు. పసుపువి కొన్ని, పిండివి కొన్ని, ఉత్త తడివి కొన్ని. కొత్తగా సున్నం వేయించిన గోడ ఇట్లా పాడు చేసిందెవరని అరవడానికి నోరు తెరిచాను. ఆ వరుస చివర ప్రసన్నలక్ష్మి నిలబడి ఉంది. ఒక చేయి గోడకు ఆనించి, రెండో చేత్తో నా టిఫిన్ ప్లేటు పట్టుకొని వస్తున్నది.

నోరు మూసుకున్నాను. పెండ్లయిన తర్వాత నేను సరైన సమయానికి నోరు మూసుకున్నది బహుశా అదే మొదటిసారి.

ఆ రోజే చిలుక కర్ర పట్టుకొని నరేష్ కారులో మైసయ్య దగ్గరకు వెళ్లాను. ప్రసన్నలక్ష్మి మణికట్టు నేల నుంచి ఎంత ఎత్తుందో దారంతో కొలిచి పట్టుకుపోయాను. కర్ర ఆమెకు నాలుగు వేళ్లు పొడుగు. మైసయ్య రంపం పెట్టి ఆగాడు. “సార్, ఒక్కసారి కోస్తే మళ్ల అతకది. పాత వస్తువు ఖరాబైతది,” అన్నాడు. కొయ్యి అన్నాను. కోస్తున్నంతసేపూ అవతలి వైపు రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ నిలబడ్డాను. పొన్ను తీసేసి రబ్బరు తొడుగు వేయించాను.

ఇంటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. కొంచెం సేపు చిలుకను తడిమింది. గేటు దాకా పోయి వచ్చింది. ఏదైనా గొప్ప మాట అంటుందని నిలబడ్డాను. “బరువున్నది. నాకు ఆ మందుల దుకాణం కట్టెనే అలవాటైంది,” అని నా చేతిలోని అల్యూమినియం కర్ర తీసుకొని, బటన్ నొక్కి, ఒక రంధ్రం దించి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

చిలుక కర్ర ఇప్పుడు నాకు పొట్టి. నేను వాకర్ పట్టుకొని మందుల దుకాణానికి పోయి మరో అల్యూమినియం కర్ర కొనుక్కున్నాను. చిలుక కర్ర పెండ్లిళ్లకు, పేరంటాలకు ఆమెతో పోతుంది. అక్కడ ఆడవాళ్లంతా దాని కళ్లు చూస్తారట. మా ఆయన నాకోసం కోయించిండని చెబుతుందట. ఇది వాసంతి చెప్పింది. ప్రసన్నలక్ష్మి నాతో అనలేదు.

కాబట్టి సదరు కర్ర మీద ప్రసన్నలక్ష్మికి సర్వహక్కులు గలవు. దానితో నడిచినా, కుక్కను అదిలించినా, ఫ్యాన్ స్విచ్ నొక్కినా, ఎవరికైనా ఇచ్చినా, ఎవరూ ఉపన్యాసం ఇవ్వరాదు.

10. మిగిలిన కర్రలను మైసయ్య ఒక్కొక్కటిగా మోకాలికి ఆనించి పరీక్షించి, పంతొమ్మిది మనిషి బరువు మోస్తాయని తేల్చాడు. వాటన్నిటికీ రబ్బరు తొడుగులు వేయించాను. కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతంలో నడవడానికి ఊతం కావలసిన వృద్ధులకు వాసంతి వాటిని ఎత్తు చూసి ఇవ్వవలెను. పుచ్చుకున్నవారు దాన్ని అద్దాల బీరువాలో పెట్టరాదు. అరిగిపోయేదాకా వాడవలెను.

ఒకటి నేనే స్వయంగా ఇచ్చాను. రైతుబజార్‌లో ఆకుకూరలు అమ్మే అండాలమ్మకు పాము చుట్టుకున్న కర్ర. మొదటిరోజు ఆమె దాన్ని బురదలో గుచ్చి, దాని తలకు కొత్తిమీర సంచీ తగిలించడం చూసి, కర్ర తుడవడానికి రుమాలు తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఎట్లుందని అడిగాను. మంచిగున్నది సార్, ఆవులు దూరం జరుగుతున్నయి అన్నది. ఇప్పుడు ఆమె బరువుకు ఆ పాము తల కాస్త అరిగి మెరుస్తున్నది. నా బీరువాలో ఇరవై ఏళ్లున్నా దానికి ఆ మెరుపు రాలేదు.

నడకకు పనికిరానివి మైసయ్య తీసుకొని, కుర్చీలకో బొమ్మలకో వాడుకోవచ్చును. అద్దాల బీరువా ప్రసన్నలక్ష్మి ఎప్పుడో అడిగినట్టు పచ్చళ్ల జాడీలకు.

11. పైన రాసినదంతా నిన్న నా భార్యకు చదివి వినిపించాను. ఆమె గోంగూర తెంపుతూ విన్నది. రంపం సంగతి దగ్గర ఒకసారి తల ఎత్తింది. అంతా అయిన తర్వాత, “గిదంతా మీరే ముందు పోతరని రాసిర్రు. నేను ముందు పోతే ఎట్ల?” అని అడిగింది. మామూలు ప్రశ్నే. పాలు ఎవరు తెస్తారని అడిగినంత మామూలుగా అడిగింది.

పది క్లాజుల్లోనూ నేనే ముందు చనిపోయాను. వేరే అవకాశమున్నదని తోచలేదు. అది కూడా రాయాలండీ, చట్ట ప్రకారం అవసరం, అని భానుమూర్తి గారు కలం పట్టుకొని కూర్చున్నారు. నా భార్య నాకంటే ముందుగా, అని మొదలుపెట్టమన్నారు. నేను మొదలుపెట్టలేదు. ఆయన మూడు లైన్లు ఖాళీ వదిలి, తీరికగా ఆలోచించుకొని చెప్పండి అన్నారు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. సాయంత్రం దాకా కూర్చున్నాను. కర్రల గురించి ఇన్ని పేజీలు చెప్పినవాణ్ని, ఆ మూడు లైన్లకు ఒక్క మాట చెప్పలేకపోయాను.

ప్రసన్నలక్ష్మి పొయ్యి మీది కూర దించి వచ్చి, నా ముందున్న కాగితం చూసింది. “రాయరాకుంటే ఇడిసిపెట్టుర్రి. మీ ఎనుక నేనే ఉంట తియ్,” అన్నది.

12. వీలునామాలో ఖాళీ జాగా ఉంచకూడదండీ, ఎవరైనా ఏమైనా రాసుకుంటారు, అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం చేయండి, అని ఈ ఉదయం భానుమూర్తి గారు చెప్పారు. అందుచేత ఈ కింది మూడు లైన్లను నేనే నా చేతితో కొట్టేశాను. అక్కడ రాయవలసినది ఏమిటో నాకు తెలుసు. తెలిసే రాయలేదు. దీన్ని పొరపాటుగా ఎవరూ భావించరాదు.

————————————————
————————————————
————————————————
(కొట్టివేసినది నేనే. గం. కోదండం)

పై పన్నెండు క్లాజులు చదివించుకొని విని, అవి నా మాటలేనని ఒప్పుకొని, ఈ దిగువ సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

కొత్తపేట,
2025 ఫిబ్రవరి 18, మంగళవారం.

(సంతకం) గంజి కోదండం

సాక్షులు:

1. మైసయ్య, వడ్రంగి, అబ్దుల్లాపూర్‌మెట్. (గుప్తి వద్దని చెప్పినాడు. అయినా ఇస్తున్నాను.)

2. అండాలమ్మ, ఆకుకూరల వ్యాపారం, రైతుబజార్, కొత్తపేట. (వేలిముద్ర)

వ్రాసినవారు: భానుమూర్తి, రిటైర్డ్ డాక్యుమెంట్ రైటర్. ముప్పై ఎనిమిదేళ్ల వృత్తిలో ఖాళీ క్లాజుతో ఉన్న దస్తావేజు ఇది మొదటిది. కొట్టివేత నా ఎదుటనే జరిగినది.